జనం వైపు ఒక మైకు

శనివారం, జనవరి 10, 2026. ఈస్ట్‌హామ్, లండన్.

ఈ రోజు చెప్పుకోదగ్గ విశేషం ఏమీ జరగలేదు. పొద్దున మందుల షాపులో సగం డ్యూటీ, మధ్యాహ్నం కూరగాయలు, తర్వాత నాన్నతో ఫోను, రాత్రికి గోంగూర పప్పు. అయినా రాసి పెట్టుకోవాలనిపించింది, ఎందుకంటే రోజంతా ఒకటే రికార్డు విన్నాను, అందులో ఒకటే మనిషి కోసం వెతికాను.

ఈస్ట్‌హామ్‌లో 115 బస్సు ఎక్కితే ఆల్డ్‌గేట్ చేరడానికి నాకు యాభై నిమిషాల దాకా పడుతుంది. శనివారం పొద్దున కాబట్టి పై అంతస్తు మొత్తం ఖాళీ. ముందు సీట్లో కూర్చుని, హీటర్ గాలి తగిలేలా కాళ్ళు చాపుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘సాంగ్స్ ఆఫ్ ఎ లైవ్ వరల్డ్’ మొదలుపెట్టాను. ది క్యూర్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండు వాళ్ళ లైవ్ ఆల్బమ్, అంటే కచేరీలో రికార్డు చేసినది. ఎనిమిది పాటలు, ఇంచుమించు నా ప్రయాణమంత పొడుగు. 2024 నవంబర్ 1న ఇక్కడే లండన్‌లో, ట్రాక్సీ అనే హాల్లో చేసిన కచేరీ అది. పదహారేళ్ళ తర్వాత వాళ్ళ కొత్త ఆల్బమ్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ విడుదలైంది ఆ రోజే. ఆ రాత్రి స్టేజీ ఎక్కి ముందు ఆ ఎనిమిది పాటలూ అదే వరసలో వాయించారు, ఆ తర్వాత పాతవి ఇంకో ఇరవై మూడు. మొత్తం 31 పాటలు, మూడు గంటలకి కాస్త తక్కువ. రికార్డుగా తెచ్చింది మాత్రం ఆ మొదటి ఎనిమిదే. దాని మీద తమకొచ్చే రాయల్టీ అంతా వార్ చైల్డ్ అనే సంస్థకి, అంటే యుద్ధాల్లో ఇరుక్కున్న పిల్లల కోసం పనిచేసేవాళ్ళకి ఇచ్చేశారు. సీడీ నేను ఆ డిసెంబర్‌లోనే కొన్నాను.

ట్రాక్సీ నా బస్సు దారిలోనే ఉంది. లైమ్‌హౌస్ దాటగానే కమర్షియల్ రోడ్డు మీద, పెద్ద తెల్లటి పాతకాలపు సినిమా హాలు. 1933లో ‘కింగ్ కాంగ్’ సినిమాతో తెరిచారు, అప్పట్లో మూడున్నర వేల సీట్లు. సినిమాలు ఆగిపోయాక కొన్నాళ్ళు ఆపెరా నేర్చుకునేవాళ్ళు అందులో రిహార్సల్స్ చేశారు, తర్వాత బింగో ఆడారు, ఇప్పుడు కచేరీలు, పెళ్ళిళ్ళు, అన్నీ జరుగుతాయి. ఆ కచేరీ రోజు సాయంత్రం నేను డ్యూటీ అయ్యి ఇదే బస్సులో తిరిగి వస్తుంటే హాలు ముందు సిగ్నల్ పడి ఆగిపోయాం. కింద ఫుట్‌పాత్ మీద నల్లబట్టల జనం, ఎక్కువమంది యాభై అరవై ఏళ్ళవాళ్ళు, కొందరు జుట్టు పైకి చెదరగొట్టుకుని, పెదాలకి ఎర్రరంగు కాస్త చెరిపినట్టు పూసుకుని, అచ్చం ఆ బ్యాండు గాయకుడు రాబర్ట్ స్మిత్‌లా. నాకు టికెట్ దొరకలేదు. అద్దానికి మొహం ఆనించి వాళ్ళని చూస్తూ ఉండిపోయాను. ఇంటికొచ్చి యూట్యూబ్‌లో చూశాను, కచేరీ మొత్తం ఉచితంగా లైవ్ ఇచ్చారు. దీపావళి ముందురోజే అయింది కానీ ఈస్ట్‌హామ్‌లో ఇంకా టపాసులు కాలుస్తూనే ఉన్నారు, ఫోన్లో డ్రమ్స్ మోతా వీధిలో బాంబుల మోతా కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా విన్నాను.

అప్పటికి అది ఒక మంచి కచేరీ, అంతే. మొన్న డిసెంబర్ 26న వార్త వచ్చింది. ఆ బ్యాండులో గిటారూ కీబోర్డూ వాయించే పెర్రీ బమోంట్ పోయాడు. కొద్దిరోజులే జబ్బుపడి, క్రిస్మస్ సమయంలో ఇంట్లోనే. ఆయనకి 65 ఏళ్ళు. బ్యాండు వాళ్ళు పెట్టిన నివాళి చదివితే అర్థమైంది, ఆయన వాళ్ళతో కలిసి వాయించిన చివరి కచేరీ ఆ ట్రాక్సీదే.

పెర్రీ గురించి తెలియనివాళ్ళే ఎక్కువ. ది క్యూర్ అంటే అందరికీ రాబర్ట్ స్మిత్ జుట్టూ గొంతూ గుర్తొస్తాయి, ఇంకాస్త వినేవాళ్ళకి సైమన్ గాలప్ బేస్ గిటారు గుర్తొస్తుంది. పెర్రీ 1984లో వాళ్ళ దగ్గర చేరింది వాయించడానికి కాదు. గిటార్లు శ్రుతి చేసి అందించడం, సామాను చూసుకోవడం, స్మిత్‌కి కావలసిన పనులు చేసిపెట్టడం. అలా ఆరేళ్ళు. 1990లో కీబోర్డు వాయించే రోజర్ ఓడొనెల్ వెళ్ళిపోతే పెర్రీని బ్యాండులోకి తీసుకున్నారు. గిటారు, సిక్స్ స్ట్రింగ్ బేస్, కీబోర్డు, ఏది కావాలంటే అది. ‘విష్’ అనే ఆల్బమ్ నుంచి 2004 ఆల్బమ్ దాకా ఉన్నాడు, పద్నాలుగేళ్ళలో నాలుగొందలకి పైగా కచేరీలు. 2005లో బయటికి వచ్చేశాడు. మళ్ళీ 2022లో పిలిచారు, వెళ్ళాడు, ఇంకో తొంభై కచేరీలు వాయించాడు. తొంభైయ్యోది ట్రాక్సీ.

ఇక్కడ నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. ఈ కొత్త పాటలు స్టూడియోలో రికార్డు చేసింది వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్‌లో, ఆ ఆల్బమ్‌లో వాయించినవాళ్ళ పేర్లలో పెర్రీ పేరు లేదు. అంటే ఇంట్లో అల్మారాలో రెండు సీడీలు పక్కపక్కనే ఉన్నాయి, అవే ఎనిమిది పాటలు, అదే వరస, ఒకదాంట్లో ఆయన లేడు, రెండోదాంట్లో ఉన్నాడు. నేను ఇన్నాళ్ళూ స్టూడియోదే అసలైనదనుకుని, లైవ్ రికార్డు దానికి జ్ఞాపకంగా ఉంచుకున్నదనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు.

అందుకే పొద్దున బస్సులో ఆయన కోసం వెతికాను. మొదటి పాట ‘అలోన్’లో స్మిత్ గొంతు రావడానికి మూడు నిమిషాలకి పైగా పడుతుంది, అప్పటిదాకా వాయిద్యాలే, కాబట్టి వెతకడానికి వీలు. ముందు డ్రమ్స్ తీసి పక్కన పెట్టాను, జేసన్ కూపర్, తేలిక. బేస్ సైమన్‌ది, ఆ గరుకుదనం ఎవరికైనా దొరుకుతుంది. కీబోర్డు స్వరాలు రోజర్‌వి, ఆయన కూడా మళ్ళీ తిరిగి వచ్చాడుగా. పైన ఏడుస్తున్నట్టు సాగే గిటారు రీవ్స్ గేబ్రెల్స్‌ది. స్మిత్ చేతిలో ఇంకోటి. ఇవన్నీ పోగా కింద ఒకటి మిగులుతుంది, స్పష్టంగా ఒక వరుస అని చెప్పలేం, రెండు వాయిద్యాల మధ్య సందు లేకుండా నిండి ఉన్న ఒక మందం. ప్లాస్టో దాటాక అది పట్టుకున్నాననిపించింది. క్యానింగ్ టౌన్ దగ్గర బస్సులోకి ముగ్గురు పిల్లలు ఎక్కి కేకలు పెడితే జారిపోయింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి నుంచి విన్నాను.

మా నాన్నది మైకు సెట్టు షాపు. తెనాలిలో, ముప్పై ఏళ్ళ పైన నడిపాడు. ఎక్కడైనా గుయ్యిమని హమ్ వస్తే ఆయన చేసే పని ఒకటే, ఆంప్లిఫయర్ వెనక నుంచి ఒక్కో వైరూ పీకుతూ వెళ్ళడం, ఏది పీకినప్పుడు ఆగిందో అదే దొంగ. హెడ్‌ఫోన్స్‌లో పీకడానికి వైర్లు లేవు. మనసులోనే పీకుతూ కూర్చోవాలి.

షాపులో పని గురించి రాయడానికేం లేదు. వారం మొత్తానికి సరిపడా మాత్రలు గళ్ళ డబ్బాల్లో సర్దడం, సర్దినవి సరిచూడటం. పన్నెండున్నరకి బయటపడ్డాను.

తిరుగు ప్రయాణంలో మాత్రం పాత సంగతి గుర్తొచ్చింది. నేను ది క్యూర్ వినడం మొదలుపెట్టిందే ఒక లైవ్ రికార్డుతో. చదువుకోవడానికి ఇక్కడికి వచ్చిన మొదటి చలికాలం, ఒక ఛారిటీ షాపులో పాత సీడీల బుట్ట, ఒక్కోటి ఒక పౌను. బ్యాండు ఏంటో పాట ఏంటో తెలియదు, ఒకదాని మీద ‘ప్యారిస్’ అని రాసుంది. మాది తెనాలి, చిన్నప్పటి నుంచి ఆంధ్రా ప్యారిస్ అని వినీ వినీ ఉన్నాను, ఊరి మీద బెంగతో ఉన్నాను, ఆ పేరు చూసి కొనేశాను. అది 1992 అక్టోబర్‌లో ప్యారిస్‌లోని జెనిత్ హాల్లో వాయించినది. అందులో ‘ప్లే ఫర్ టుడే’ అనే పాట ఉంది, 1980లో వచ్చిన ‘సెవెంటీన్ సెకండ్స్’ లోది, వాళ్ళు ఇంకా ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళుగా పోస్ట్ పంక్ అనే ఆ పొడిపొడి, బోలు బోలు శబ్దంతో ఉన్న రోజులది. ప్యారిస్‌లో ఆ పాట వస్తుంటే జనం మాటలు పాడటం కాదు, కీబోర్డు బాణీని ఓ ఓ ఓ అంటూ పాడతారు, వేలమంది ఒకేసారి. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంగ్లిష్ పాటలంటే అప్పటిదాకా నాకు బెరుకు, మాట అర్థం కాదని. అక్కడ మాటే లేదు, అందరూ కలిసి ఒక బాణీని పైకెత్తుతున్నారు. ఆ రికార్డులో కూడా పెర్రీ ఉన్నాడని నాకు మొన్న డిసెంబర్‌లోనే తెలిసింది. అంటే ఈ బ్యాండులో నేను విన్న మొదటి గంటలోనే ఆయన ఉన్నాడు.

లైవ్ రికార్డులో జనం వినపడాలనేది నేను నాన్న దగ్గర నేర్చుకున్నదే. సంక్రాంతికీ శ్రీరామనవమికీ చుట్టుపక్కల ఊళ్ళలో పద్య నాటకాలకి నాన్నే మైకు కట్టేవాడు. నాటకం వాళ్ళు క్యాసెట్ రికార్డు చేసి పెట్టమనేవాళ్ళు. ఆంప్లిఫయర్ నుంచి నేరుగా వైరు తీసి టేపు రికార్డరుకి కలిపితే పద్యం చాలా శుభ్రంగా వస్తుంది, హార్మోనియం కూడా గంటలా వినపడుతుంది, కానీ జనం ఉండరు. రాత్రి రెండింటికి, మంచులో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న ఊరు ఊరంతా ‘వన్స్‌మోర్’ అని అరిస్తే, క్యాసెట్లో అది ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఆర్టిస్టు కదా, ఆయనకి పద్యం ఎంత ముఖ్యమో వన్స్‌మోర్ అంత ముఖ్యం. అందుకని నాన్న ఒక పాత మైకుని వెదురు గెడకి గుడ్డతో కట్టి, స్టేజీ మూల నుంచి జనం వైపు తిప్పి పెట్టేవాడు. దాన్ని బాక్సులకి కలిపేవాడు కాదు, టేపు రికార్డరుకి మాత్రమే. ఆ మైకు పట్టుకోవడం ఒక్కోసారి నా పని. గెడకి గుడ్డ ఎందుకు చుట్టాలో, గెడ ఊగితే ఆ చప్పుడు ఎలా లోపలికి పోతుందో నాకు అప్పుడే తెలుసు. ఆ క్యాసెట్లలో ముసలాళ్ళ దగ్గు ఉంటుంది, పసిపిల్లల ఏడుపు ఉంటుంది, ‘కూర్చోవయ్యా ముందు’ అని ఎవరో కసురుకోవడం ఉంటుంది.

ట్రాక్సీ రికార్డులో కూడా ఆ రకమైన మైకులు బాగా పెట్టారు. ‘వార్‌సాంగ్’ మొదట్లో హార్మోనియంలాంటి శ్రుతి ఒకటి సాగుతుంది, దాని వెనక హాలు ఊపిరి తెలుస్తుంది. ఆ పాటల్లో చాలావరకు ఆ రోజే రికార్డుగా జనం చేతికొచ్చినవి, కొన్ని మాత్రం అంతకు రెండేళ్ళ ముందు నుంచి కచేరీల్లో వాయిస్తూ వచ్చినవి, అయినా ఆల్బమ్ మొత్తం వరసగా స్టేజీ మీద వినడం అక్కడున్నవాళ్ళకి అదే మొదలు. అంత శ్రద్ధగా వింటున్న జనం నిశ్శబ్దం కూడా రికార్డవుతుంది, నాన్న చెప్పేవాడు ఈ మాట, ఖాళీ హాలు నిశ్శబ్దం వేరు, నిండిన హాలు నిశ్శబ్దం వేరు అని.

ఈస్ట్‌హామ్‌లో దిగి హై స్ట్రీట్ నార్త్‌లో కూరగాయలు కొన్నాను. పండగ కదా, నువ్వులు, బెల్లం అచ్చులు, చెరుకు ముక్కలు బయటే పెట్టారు. షాపులో ఇద్దరు ఆడవాళ్ళు భోగి పళ్ళకి రేగిపళ్ళు దొరుకుతాయా అని తెలుగులో మాట్లాడుకుంటున్నారు. గోంగూర రెండు కట్టలు తీసుకున్నాను, ఎర్ర కాడది, ఆకులు కాస్త వాడాయి కానీ పులుపు ఉంది.

మూడింటికి నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ ఎనిమిదిన్నర.

“తిన్నావా నాన్నా?”

“ఆ, ఇప్పుడే. మీ అమ్మ అరిసెల పిండి దగ్గర కూర్చుంది, పిలిస్తే పలకదు. నువ్వేం చేస్తున్నావ్ తల్లీ?”

గోంగూర ఒలుస్తున్నానని చెప్పి, ఈ రికార్డు సంగతి చెప్పాను. పెర్రీ సంగతి కూడా. నాన్నకి ది క్యూర్ ఎవరో తెలియదు, ఆయన అడిగిన ప్రశ్నలన్నీ వేరే.

“సినిమా హాలా? సినిమా హాల్లో పాట కచేరీ కష్టం. కుర్చీలున్నాయా, నిలబెట్టారా?”

“కింద నిలబెట్టారు నాన్నా, బాల్కనీలో కుర్చీలు.”

“అయితే పర్లేదు. కింద జనం నిండుగా ఉంటే శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగి రాదు, మనుషులే తాగేస్తారు.” కాస్త ఆగి, “ఏంటన్నావ్, సామాను మోసేవాడే స్టేజీ ఎక్కాడా?”

“ఆరేళ్ళు వాళ్ళతో తిరిగాక.”

“ఇంకేం, పాటలన్నీ వచ్చేసి ఉంటాయి. మన చిన్నోడు లేడూ, బాక్సులు మోసేవాడు. డోలక్ ఆయన జ్వరమొచ్చి రాకపోతే ఆ రాత్రి వాడే కూర్చున్నాడు గదా. ఒక్క దెబ్బ తప్పలేదు. రోజూ పక్కన కూర్చుని వినేవాడు, మనం చూళ్ళేదు అంతే.”

చిన్నోడు నాకు గుర్తున్నాడు. వైరు చుట్ట భుజానికి వేసుకుని, నోట్లో ఇన్సులేషన్ టేపు కొరుకుతూ ఉండేవాడు. ఆ రాత్రి నేను నిద్రపోయాను, చూడలేదు.

“పద్నాలుగేళ్ళు వాయించి, బయటికొచ్చి పదిహేడేళ్ళయ్యాక మళ్ళీ పిలిస్తే వెళ్ళాడా?” అన్నాడు నాన్న.

“వెళ్ళాడు.”

“పిలిచినోళ్ళు కూడా మంచోళ్ళే తల్లీ.”

వినిపించమన్నాడు. ఫోను స్పీకరు దగ్గర పెట్టి ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ వేశాను. రాబర్ట్ స్మిత్ తన అన్న రిచర్డ్ పోయినప్పుడు రాసుకున్న పాట అది, చిన్నప్పుడు తనకి సంగీతం పరిచయం చేసింది ఆ అన్నే. 2022 అక్టోబర్‌లో పోలండ్‌లోని క్రాకోలో మొదటిసారి కచేరీలో వాయించారు. పియానో మీద చిన్న బాణీ, పసివాళ్ళు కూడా ఒంటివేలితో వాయించగలిగేంత సులువు, అదే తిరిగి తిరిగి వస్తుంది. స్టూడియోలో విన్నప్పుడు అది ఒక మనిషి ఒంటరిగా ఏడవడంలా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. పాడే మనిషికి అటూ ఇటూ అయిదుగురు నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఒకడు ఏడాది దాటాక తానూ పోతాడని ఎవరికీ తెలియదు, ఆ పోయిన అన్న కోసం ఈయన కూడా వాయిస్తున్నాడు. పెర్రీ ఏ తీగ మీటాడో ఈ పాటలో కూడా నాకు విడిగా దొరకలేదు. అయినా నేను వెతకడం ఆపేశాను. ఆయన అక్కడ ఉన్నాడు.

పాట అయ్యేదాకా నాన్న మాట్లాడలేదు. చప్పట్లు వినపడ్డాక అన్నాడు, “జనం బాగా పడ్డారమ్మా. మైకు ఎవరు పెట్టారో గానీ బాగా పెట్టారు.”

ఆ తర్వాత అమ్మ వచ్చి ఫోను లాక్కుంది, అరిసెల పాకం గురించి పది నిమిషాలు.

రాత్రి పప్పు ఉడుకుతుంటే ‘ఎండ్‌సాంగ్’ విన్నాను. పది నిమిషాల పాట, ఆరు నిమిషాల దాకా గొంతే రాదు. చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టి యాభై ఏళ్ళయిన వేసవిలో, తోటలో చీకట్లో నిలబడి చంద్రుణ్ణి చూస్తూ, చిన్నప్పుడు నాన్నతో కలిసి అలాగే చూసింది తలుచుకుని రాసుకున్నాడట స్మిత్. ఆ డ్రమ్స్ మోగుతున్నంతసేపూ వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను, పప్పు కొంచెం అడుగంటింది. పాట ఆగాక జనం అరుపులు, ఆ అరుపులు మెల్లగా తగ్గించేశారు, రికార్డు అయిపోయింది. కానీ ఆ రాత్రి హాల్లో అయిపోలేదు. దాని తర్వాత ‘ప్లెయిన్‌సాంగ్’ వచ్చింది, ‘పిక్చర్స్ ఆఫ్ యు’ వచ్చింది, ‘ప్లే ఫర్ టుడే’ కూడా వచ్చింది, చివర్న ‘బాయ్స్ డోంట్ క్రై’. ఇంకా ఇరవై మూడు పాటలు పెర్రీ అక్కడే నిలబడి వాయించాడు. భోజనం చేశాక యూట్యూబ్ తెరిచి, ‘ప్లే ఫర్ టుడే’ దాకా జరిపి, జనం పాడేది విన్నాను. పొద్దుపోయింది కాబట్టి శబ్దం తగ్గించి విన్నాను, పక్క గదిలో అమ్మాయికి రేపు డ్యూటీ.

నాన్న ఫోను పెట్టేముందు హాలు ఫోటో పంపమన్నాడు. సోమవారం పొద్దున బస్సు సరిగ్గా ముందు ఆగితే తీస్తాను, లేకపోతే లైమ్‌హౌస్‌లో దిగి నడుస్తాను. ముందు బోర్డు ఒక్కటే కాదు, పక్క సందులోకి కూడా వెళ్ళి తీయమన్నాడు. సామాను దించే తలుపు అటువైపే ఉంటుంది, అది ఎంత వెడల్పుందో చూడాలి అన్నాడు.